కొరాపుట్ చలి, రాయగడ మామ్మ

కొరాపుట్‌లో చలి ఎంతో తేల్చడానికి మా ఇంట్లో రెండు సాధనాలుండేవి. ఒకటి వసారా గోడకి నాన్న తగిలించిన పాదరసం ధర్మామీటరు. రెండోది మా మామ్మ. ఈ రెండిటికీ ఎప్పుడూ పడేది కాదు.

మామ్మది రాయగడ. నాగావళి నీళ్ళు, మజ్జిగౌరమ్మ గుడి దాటి ఆవిడ లోకం పెద్దగా పోయేది కాదు. ఆ ఊరు సముద్రమట్టానికి రెండు వందల మీటర్ల చిల్లర ఎత్తు, మా కొరాపుట్ దాదాపు 870. పుష్యమాసంలో లక్ష్మీపూర్ మీదుగా ఘాటీ ఎక్కే బస్సులో వచ్చి, దిగేసరికి పళ్ళు టకటకలాడించేది. "ఇదేటి ఊర్రా బాబూ, మనుషులుండే ఊరేనా?" అనేది. నాలుగు రోజులు పోయాక పాదరసం అదే గీత దగ్గరున్నా, ముసుగు తీసేసి పెరట్లో చోడిపిండి జల్లించుకునేది. "నీ గొట్టం పాడైపోనాదిరా" అని నాన్నకి తీర్పు.

గొట్టం బాగానే ఉంది. చర్మంలో చలిని పట్టే నరాల కొసలు ఉష్ణోగ్రత అంకె కన్నా దాని మార్పుకే ఎక్కువ ఉలిక్కిపడతాయి. చర్మం చల్లబడుతున్నంతసేపూ గబగబా సంకేతాలు పంపి, కాసేపటికి నెమ్మదిస్తాయి. రోజుల మీద వచ్చే అలవాటు వేరు. అందులో రక్తనాళాలకీ వణుకుకీ మెదడుకీ కూడా వాటా ఉంది.

రాత్రంతా ఒకే గదిలో ఉన్న ఇత్తడి చెంబు ముట్టుకుంటే కొరికేది, చెక్కపీట ఊరుకునేది. ఉష్ణోగ్రత రెండిటిదీ ఒకటే. ఇత్తడి మన వేలిలోని వేడిని చురుగ్గా లాగేస్తుంది. నరానికి తెలిసేది చెంబు సంగతి కాదు, తానున్న చర్మం ఎంత చల్లబడిందన్నదే.

కుందులి సంతకి పొగమంచులో బరువులు మోసుకుని దిగే కొండవాళ్ళని చూసి మా వీధిలో పెద్దలు "వాళ్ళకి చలెయ్యదు, అలవాటే" అనేవారు. నాకా మాట అప్పుడూ నచ్చలేదు. సంతలో బుట్ట దించగానే వాళ్ళు ముందు వెతికేది నెగడు. ఆ తరవాతే మండియా పేజ్, అంటే మన చోడి అంబలి. చలెయ్యని వాళ్ళు నెగడు చుట్టూ అంత ఇరుగ్గా కూర్చుంటారా? స్వెట్టరుకి డబ్బు లేకపోవడానికి అలవాటని పేరు పెట్టారు, అంతే.

మామ్మ సంచీలో అమృతాంజనం సీసా లేకుండా ప్రయాణం లేదు. 1893లో బొంబాయిలో మన కాశీనాథుని నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన మందు. నుదుటికి రాస్తే, కుంపటి పక్కన కూర్చున్నా చల్లన పాకేది. ఆ చల్లదనం అందులోని మెంథాల్‌ది. అది చర్మాన్ని చల్లబరచదు, నరాన్ని నమ్మిస్తుంది. చలి నరాల పొరలో టీఆర్‌పీఎం8 అనే ప్రొటీను తలుపొకటి ఉంది. చర్మం 26 డిగ్రీల దరిదాపుకి దిగుతుంటే తెరుచుకుని విద్యుదావేశం గల అయాన్లని లోపలికి వదులుతుంది, మెదడుకి చలి కబురు పోతుంది. మెంథాల్ తగిలితే వెచ్చగా ఉన్నప్పుడే ఆ తలుపు తెరుచుకుంటుంది. డేవిడ్ జూలియస్ బృందం, ఆర్డెమ్ పటపూటియన్ బృందం 2002లో వేర్వేరుగా దీన్ని పట్టుకున్నాయి, మెంథాల్ సాయంతోనే. వేడి, స్పర్శల మీద చేసిన పనికి ఆ ఇద్దరికీ 2021లో నోబెల్ వచ్చింది. అయితే చలికి తలుపు ఇదొక్కటే కాదు. ఇది లేకుండా పుట్టించిన ఎలుకలు ఓ మాదిరి చల్లని నేలని పోల్చుకోలేకపోయాయి కానీ, మరీ గడ్డకట్టే నేల నుంచి మాత్రం తప్పుకున్నాయి.

ఇంత తెలిశాక నాకో పాత తగాదా తీరింది. రాగి కాగులో పొగలు కక్కే నీళ్ళు మామ్మ మొదటి చెంబు వీపు మీద పోయగానే నాకు ఒక్క క్షణం చల్లగా, జివ్వున ఉండేది, రోమాలు లేచేవి. చర్మం 45 డిగ్రీలు దాటి వేడెక్కితే కొన్ని చలి నరాలు కూడా పొరపాటున మోగుతాయట. "మామ్మా, నీళ్ళు చల్లగా ఉన్నాయే" అంటే ఆవిడ కాగులో చెయ్యి పెట్టి చూసి, "బడికి ఎగనామం పెట్టడానికి జొరమని చెప్తావేటి?" అంటూ రెండో చెంబు గుమ్మరించేది.