పన్నెండు పులిపిర్లు, ఒక రక్తపరీక్ష

పోయిన శ్రావణ శుక్రవారం పట్టుచీర కట్టుకుని నల్లపూసలు సర్దుకుంటుంటే మెడ దగ్గర చురుక్కుమంది. చూద్దును కదా, గొలుసు కొక్కెం ఓ పులిపిరికాయని పట్టుకుని వేలాడుతోంది. లాగితే ప్రాణం పోతోంది, లాగకపోతే గొలుసు రావట్లేదు. వాయనానికొచ్చిన పక్కింటి పిన్నిగారు కళ్లజోడు సవరించుకుని, పిన్నీసు మొనతో మెల్లగా విడిపించారు. విడిపించి ఊరుకున్నారా? "ఎన్నున్నాయే నీకివి!" అంటూ లెక్క మొదలెట్టారు. పదకొండు దగ్గర ఆగి, "ఆగాగు, చెవి వెనకాల ఇంకోటుంది" అన్నారు. ఆ రోజు పేరంటానికి వచ్చినవాళ్లందరికీ శనగలతో పాటు నా మెడ సంగతి కూడా ముట్టింది.

తీయించుకుంటానంటే ఎవరూ మెచ్చలేదు. "యాభై ఎనిమిదేళ్లొచ్చాక ఇప్పుడెందుకే అందం?" అన్నారు మావారు పేపరు దించకుండా. ఒకటి తీస్తే పది మొలుస్తాయని మా ఆడపడుచు బెదిరించింది. కుడివైపు మెడ మీద ఉంటే ఐశ్వర్యమని మా అత్తగారి కాలం నుంచీ వింటున్నదే. పదిహేనేళ్లుగా మోస్తున్నాను కదా, వచ్చే ఐశ్వర్యమేదో ఈపాటికి గేటు దాకానైనా రాకపోయిందా!

మనకో చిక్కుంది. ఒంటి మీద లేచిన ప్రతి బొడిపెనీ పులిపిరికాయ అనేస్తాం, కొన్ని ఊళ్లలో ఉలిపిరి అంటారు. నిజానికి ఇందులో రెండు మూడు జాతులున్నాయి. పిల్లల చేతివేళ్ల మీద గరుగ్గా, క్యాలీఫ్లవరు ముక్కలా లేచేవి అసలు పులిపిర్లు. వాటికి కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. గోకితే పక్కకి పాకుతాయి, ఒకరి నుంచి ఒకరికీ అంటుకుంటాయి. నా మెడ మీద ఉన్నవి ఆ జాతి కాదు. మెత్తగా, సన్నటి కాడకి వేలాడే చర్మపు తిత్తులు. ఇంగ్లీషు డాక్టర్లు స్కిన్ ట్యాగులంటారు. ఇవి అంటుకోవు, ఒకటి తీస్తే పది రావు. మా ఆడపడుచు చెప్పిన శాపం మొదటి జాతిది, వేసింది రెండో జాతి మీద.

వైద్యాల సంగతి అడక్కండి. మా చిన్నప్పుడు మా అమ్మమ్మ తాంబూలం సున్నంలో చాకలి సోడా కలిపి, అగ్గిపుల్లతో మా మావయ్య వేలి మీద పెట్టింది. పులిపిరి ఊడింది, దాంతో పాటు కాస్త వేలూ ఊడింది. ఆ గుంట ఇప్పటికీ ఉంది. తర్వాత నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పాను. సున్నమూ చాకలి సోడా నీళ్లలో కలిస్తే వచ్చేది కాస్టిక్ సోడా అని పదో తరగతి పిల్లల చేత సమీకరణం రాయించాను. మా అమ్మమ్మ చేసిందీ అదే ప్రయోగం, కాకపోతే పరీక్షనాళిక బదులు మా మావయ్య. గుర్రపు తోక వెంట్రుకతో బిగించి కట్టడం అంతకన్నా తెలివైన పని. కాడ ఉన్నవాటికి రక్తం అందక ఎండి రాలిపోతాయి. పద్ధతి ఉన్న వైద్యమే, గుర్రం శుభ్రంగా ఉంటే. ఇక మొక్కులు. తమిళనాడులో వైద్యీశ్వరన్ కోయిల్‌కి వెళ్లి ఉప్పూ మిరియాలూ సమర్పించి వచ్చినవాళ్లు మా బంధువుల్లోనే ముగ్గురున్నారు.

నండూరి రామమోహనరావు గారి అనువాదంలో టామ్ సాయర్ చదివినవాళ్లకి టామ్ నేస్తం హక్ గుర్తుండాలి. చచ్చిన పిల్లిని మోసుకుంటూ అర్ధరాత్రి శ్మశానానికి వెళ్లాలంటాడు, పులిపిర్లు పోవడానికి. మార్క్ ట్వేన్ అది రాసింది 1876లో, ఎక్కడో మిసిసిపీ ఒడ్డు పిల్లల గురించి. వాళ్లకి పిల్లి, మనకి మిరియాలు. ఇంతకీ ఇవన్నీ పనిచేసినట్టు ఎందుకు కనిపిస్తాయంటారా? వైరస్ పులిపిర్లు చాలామంది పిల్లల్లో ఏడాది రెండేళ్లలో వాటంతటవే పోతాయి. ఒళ్లు మేలుకుని వైరస్‌ని గుర్తుపడుతుంది, అంతే. పోయే ముందు ఎవరేం చేస్తే ఘనత వాళ్లది. కానీ నా మెడ మీద వేలాడేవి అలా పోయే రకం కాదు. ఏ పిల్లినీ లెక్కచేయవు.

అందుకని సూర్యారావుపేటకి వెళ్లాను. బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు, ఆ వీధుల్లో రెండు మెట్లు ఎక్కితే ఒక డాక్టరు. మా డాక్టరమ్మకి మా రెండో అమ్మాయి వయసుంటుంది. ముందు ప్రశ్నలు వేసింది. షుగరుందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, గుండెకి పేస్‌మేకర్ ఉందా, దెబ్బ తగిలితే మచ్చ గట్టిగా ఉబ్బుతుందా? కరెంటుతో కాల్చే పని కాబట్టి పేస్‌మేకర్ సంగతి తప్పకుండా చెప్పాలట. తర్వాత లైటున్న భూతద్దంతో ఒక్కొక్కటీ చూసింది. వీపు మీద మైనం అంటించినట్టున్న గోధుమరంగు మచ్చని కాస్త ఎక్కువసేపు చూసి, వయసుతో వచ్చేదే, భయం లేదంది. బుగ్గ మీది మిరియపు గింజల్లాంటి నల్లటివాటికి వేరే పేరుంది, వేలాడేవి కావవి. మన రంగు వాళ్లలో ఎక్కువట.

ఖర్చు ఒక్కోదానికి ఇంతని చెప్పారు. నేను ఊరుకుంటానా? రైతుబజారు అలవాటు. "డజను ఉన్నాయి కదమ్మా, కాస్త చూసి వేసుకోండి" అన్నాను. నర్సు నవ్వాపుకోలేక బయటికెళ్లింది. పన్నెండుకి పది లెక్కేశారు.

మొద్దుబారడానికి తెల్లటి క్రీము రాసి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి ముప్పావుగంట కూర్చోబెట్టారు. మెడకి ప్లాస్టిక్ చుట్టుకుని, హోటల్లో పార్సిలు కట్టిన సాంబారులా వరండాలో కూర్చున్నానన్నమాట. పక్కనున్నాయన చాలాసేపు చూసి, చూపు తిప్పుకున్నాడు. చిన్నచిన్నవి డాక్టరమ్మ కత్తెరతో తుంచేసింది. చీమ కుట్టినంత. మిగతావాటికి పెన్నులాంటి పరికరం, కాలి కింద పెడలు. తొక్కినప్పుడల్లా చిట్‌మని చప్పుడు, వెంట్రుక కాలిన వాసన. నొప్పి కన్నా ఆ వాసనే గుర్తుంది. లావుపాటిదానికి మాత్రం సూది వేసింది, ఆ సూదికి మాత్రం "అమ్మా" అన్నాను. కరెంటుతో కోస్తూనే రక్తం ఆపే ఈ విద్యకి పెద్దపేరు తెచ్చింది విలియం బోవీ పరికరం. 1926లో బోస్టన్‌లో హార్వే కుషింగ్ అనే సర్జను దాన్ని తల ఆపరేషన్లలో వాడాడు. తల ఆపరేషన్లలో వాడిన సరంజామా నా నల్లపూసలకి అక్కరకొచ్చింది.

పని పావుగంటలో అయిపోయింది. లేచి చీర సర్దుకుంటుంటే డాక్టరమ్మ అడిగింది, "మెడ వెనకాల ఈ నలుపు ఎన్నాళ్లనుంచమ్మా?"

ఏం చెప్పను? గొలుసు రాపిడి నలుపనుకున్నాను. పదేళ్లుగా శనగపిండితో రుద్దాను, నిమ్మచెక్కతో రుద్దాను, ఒకసారి కొబ్బరి పీచుతో కూడా రుద్దాను. పెళ్లిళ్లకి వెళ్లేటప్పుడు ముడి వదులుగా వేసుకుని కప్పుకునేదాన్ని. స్నానం సరిగ్గా చేయదేమో అనుకుంటారని సిగ్గు. ఆ మాటే చెప్పాను. "అది మురికి కాదమ్మా" అంది. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయనప్పుడు రక్తంలో అది ఎక్కువైపోతుంది, అప్పుడు మెడ, చంకల్లాంటి చోట్ల చర్మం మందమై మఖమల్ గుడ్డలా నల్లబడుతుందట. ఈ వేలాడే పులిపిర్లూ చాలామందిలో దాని వెంటే వస్తాయట. రుద్దితే ఇంకా నల్లబడుతుంది తప్ప పోదు. ఒక్క మాటతో పదేళ్ల సిగ్గు తీసేసింది. కరెంటు కూడా అక్కర్లేదు దానికి.

చీటీ మీద హెచ్‌బీఏ1సీ అని రాసిచ్చింది. మూడు నెలల చక్కెర సగటు చెప్పే పరీక్ష. 5.7 లోపుంటే మామూలు, 6.5 గానీ ఆపైన గానీ ఉంటే షుగరు. నాకు 6.1 వచ్చింది. గట్టు మీదున్నానన్నమాట, ఇటు దూకొచ్చు, అటు పడొచ్చు. సాయంత్రాలు నడుస్తున్నాను. రాత్రి అన్నం తగ్గించాను. ఆవకాయ మాత్రం తగ్గించలేదు, అందులో చక్కెర లేదని వాదన.

కాల్చిన చోట కట్టిన పక్కులు వారం పదిరోజుల్లో వాటంతటవే రాలాయి. గిల్లొద్దంది, గిల్లలేదు. మన చర్మానికి గాయమైన చోట నల్లమచ్చ నిలిచిపోయే గుణం ఎక్కువ కాబట్టి ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ రాయమంది, రాశాను. టైలరు షాపు వీధి చివరే ఉన్నా గొడుగు వేసుకునే వెళ్లాను.

ఇంకొక్క మాట చెప్పి వదిలేస్తాను. అన్నీ నా మెడ మీద వాటిలా అమాయకమైనవి కావు. తొందరగా పెరిగేది, రంగు మారేది, రక్తం కారేది, మానని పుండు, గోరు కింద నల్లచార, అరికాల్లో కొత్తగా వచ్చిన మచ్చ, వీటిని పార్లరులో కాల్పించుకోకండి, సున్నం పెట్టకండి. గాయకుడు బాబ్ మార్లే ప్రాణం తీసింది కాలిబొటనవేలి గోరు కింద మొదలైన చర్మ క్యాన్సరే. 1981లో పోయేనాటికి ఆయనకి ముప్పై ఆరేళ్లు. అలాంటివి డాక్టరు చూసి, అనుమానముంటే ముక్క తీసి పరీక్షకి పంపాలి.

అన్నట్టు మొన్న ఆదివారం మావారు నూనె రాయించుకోవడానికి చొక్కా విప్పి కూర్చున్నారు. మెడ మీద తొమ్మిది. వెనకాల నలుపు కూడా ఉంది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఆయన పేరు రాయించాను. ఇంకా ఆయనకి చెప్పలేదు.