ఏడు నిమిషాల బొమ్మ

సికింద్రాబాద్ సంగీత్ థియేటర్‌లో ఇంగ్లీషు సినిమాకి వెళ్తే ముందుగా ఫిల్మ్స్ డివిజన్ వారి న్యూస్‌రీలు వేసేవారు. వరదలు, ఆనకట్టలు, మంత్రిగారి ప్రారంభోత్సవాలు. అది అయ్యాక మన అదృష్టం బాగుంటే ఎం.జి.ఎం. సింహం గర్జించి, టామ్ అండ్ జెర్రీ పడేది. పోస్టరు మీద ఆ సంగతి ఉండేది కాదు, టికెట్లు చింపే మనిషినడిగినా తెలిసేది కాదు. పడిందా, బాల్కనీ నుంచి నేల దాకా హాలంతా ఒక్కసారిగా ముందుకు వంగేది. ఏడు నిమిషాల్లో అయిపోయేది. అసలు సినిమా కథలు చాలావరకు మరిచిపోయాను. ఆ ఏడేసి నిమిషాలు మాత్రం గుర్తున్నాయి.

సంగీత్ ఇప్పుడు లేదు. పెద్ద సినిమాకి ముందు చిన్న బొమ్మ వేసే అలవాటూ లేదు. టామ్, జెర్రీ మాత్రం ఎక్కడికీ పోలేదనిపిస్తుంది. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ వచ్చినప్పటి నుంచి మన ఇళ్ళలోనే ఉన్నారు. ఇప్పుడు అన్నం తినని పిల్లల ముందు ఫోనులో ఆడుతున్నారు. భాష అక్కర్లేని బొమ్మలు కనక అమలాపురంలోనైనా, ఆదిలాబాద్‌లోనైనా ఎవరూ విడమరిచి చెప్పకుండానే పిల్లలకి అర్థమవుతాయి. కానీ పెద్ద తెర మీద, చీకట్లో, వందలమంది మధ్య వాటిని చూసినవాణ్ణి గనక ఒక మాట చెప్పాలనిపిస్తుంది. అవి టీవీ కోసం పుట్టినవి కావు. అవి ఒక ఖరీదైన చేతిపని. ఆ పని తెలిసినవాళ్ళు ఒకే కప్పు కింద ఉన్నంతకాలం అది సాగింది, వాళ్ళు చెదిరిపోగానే ఆగిపోయింది.

ఆ కప్పు కాలిఫోర్నియాలో, లాస్ ఏంజెలెస్‌ని ఆనుకున్న కల్వర్ సిటీలో ఉండేది. ఎం.జి.ఎం. కంపెనీ అక్కడ 1937లో సొంతంగా కార్టూన్ స్టూడియో పెట్టుకుంది. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా కలిసి చేసిన మొదటి పిల్లీ ఎలుకా బొమ్మ ‘పస్ గెట్స్ ద బూట్’ 1940 ఫిబ్రవరిలో వచ్చింది. అందులో పిల్లి టామ్ కాదు, జాస్పర్. ఎలుకకి తెర మీద పేరే లేదు. టైటిల్స్‌లో హన్నా, బార్బెరాల పేర్లు లేవు, పై అధికారి రుడాల్ఫ్ ఐసింగ్ పేరే ఉంది. పిల్లీ ఎలుకా కథలు లోకంలో ఎన్ని రాలేదు, ఇంకొకటి ఎందుకన్నారు స్టూడియో పెద్దలు. అయితే జనానికి అది నచ్చింది. టెక్సాస్‌లో థియేటర్ల వ్యవహారం చూసే ఒకావిడ, ఇలాంటివి ఇంకా ఎప్పుడు పంపుతారని ఉత్తరం రాసింది. ఆ తరవాతే స్టూడియోలో పేర్ల పోటీ పెట్టారు. జాన్ కార్ అనే యానిమేటర్ టామ్, జెర్రీ అని రాసిచ్చి యాభై డాలర్లు గెలుచుకున్నాడు.

హన్నా, బార్బెరా ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చునేవారు. బార్బెరా చెయ్యి ఆగేది కాదు. పిల్లి ఎలా జారుతుంది, ఇస్త్రీపెట్టె ఎక్కణ్ణుంచి పడుతుంది, పడ్డాక మొహం ఏ ఆకారంలోకి మారుతుందన్నది కథంతా బొమ్మలుగానే గీసి గోడకి గుచ్చేవాడు. హన్నా చేతిలో ఉన్నది కాలం. పరుగు ఎన్ని ఫ్రేములు, దెబ్బ తగలబోయే ముందు నిశ్శబ్దం ఎన్ని ఫ్రేములు అన్నది ఆయన సంగీతం లెక్కలో, తాళం వేసినట్టు కాగితం మీద రాసుకునేవాడు. గమనించండి, నవ్వు వచ్చేది దెబ్బకి కాదు. దెబ్బ తగలబోతోందని టామ్‌కి తెలిసి, కళ్ళు మన వైపు తిప్పి, ఆగే ఆ అర క్షణానికి. అది రెండు ఫ్రేములు ఎక్కువైనా నవ్వు చచ్చిపోతుంది. తోక నలిగినప్పుడు టామ్ పెట్టే కేక కూడా హన్నాదే. మైకు ముందు నిలబడి గొంతు చించుకుని అరిచిందాయనే.

ఇక గీసేవాళ్ళు. సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. ఏడు నిమిషాలకి పదివేల పైచిలుకు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపినా వేల బొమ్మలు కావాలి. ఇర్వెన్ స్పెన్స్, కెనెత్ మ్యూజ్, ఎడ్ బార్జ్, రే ప్యాటర్సన్ అనే నలుగురి పేర్లు ఆ కాలపు టైటిల్స్‌లో మళ్ళీ మళ్ళీ కనబడతాయి. చూడగా చూడగా ఎవరి చెయ్యి ఏదో కొంత తెలుస్తుంది. టామ్ పళ్ళన్నీ బయటపెట్టి, ఒళ్ళంతా సాగదీసుకుని పిచ్చిగా పరిగెత్తుతుంటే అది స్పెన్స్ అయివుండాలి. గుండ్రంగా, నున్నగా, మర్యాదగా నడుస్తుంటే మ్యూజ్. పాటకచేరీలో కళ్ళు మూసుకున్నా వాయిస్తున్నదెవరో రసికుడు చెప్పేస్తాడు కదా, అలా. నాకు అంతటి పట్టు రాలేదు గానీ, అది తెలిసిన రోజు నుంచి ఈ బొమ్మలు నాకు వేరే అయిపోయాయి. అంతవరకు టామ్ ఒక్కడే అనుకున్నాను. తరవాత చూస్తే ఒకే బొమ్మలో నలుగురు టామ్‌లు కనిపించారు.

పెన్సిలు గీతలు అయ్యాక కాగితాలు ఆడవాళ్ళ చేతికి వెళ్ళేవి. పారదర్శకమైన సెల్ అనే రేకుని బొమ్మ మీద పరిచి, సన్నటి పాళీతో సిరా గీత గీసేవారు. దాన్ని తిరగేసి వెనకనుంచి రంగు నింపేవారు. అందుకే ముందునుంచి చూస్తే రంగు అద్దం వెనక ఉన్నట్టు సమంగా, కుంచె జాడ లేకుండా కనబడుతుంది. గీత వణకకూడదు, ఊపిరి బిగబట్టి గీయాలి. బొమ్మ పూర్తయ్యాక సెల్స్‌ని కడిగి మళ్ళీ వాడుకునేవారు. ఇంత పని చేసిన ఆ చేతుల పేర్లు ఏ టైటిల్స్‌లోనూ పడలేదు. రంగుకి టెక్నికలర్ వాళ్ళ పద్ధతి ఇంకో తపస్సు. కదలని బొమ్మలు గనక ఒక్కో ఫ్రేముని ఎరుపు, ఆకుపచ్చ, నీలం అద్దాల గుండా వరసగా మూడుసార్లు నలుపుతెలుపు ఫిల్ము మీద ఫొటో తీసేవారు. అంటే కెమెరా ముందు ఆ పదివేలు ముప్పైవేలయ్యేవి. సంగీత్ తెర మీద జున్నుముక్క పసుపు అంత పచ్చగా మెరవడానికి కారణం అదీ. టీవీలో ఆ పసుపు నాకు మళ్ళీ కనబడలేదు.

స్కాట్ బ్రాడ్లీ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. సంగీతం ఆయనది. మాటలు పెద్దగా లేని బొమ్మలు కాబట్టి ఆయనకి ఏడు నిమిషాలూ ఊపిరి తీసుకునే వీల్లేదు. ఒక పాట మధ్యలో తుంచి ఇంకోటి, నాలుగు గంతులకి ఒక వాద్యం, జారుడికి ఇంకో వాద్యం, ఇదంతా నిజమైన వాద్యబృందం ఎదురుగా కూర్చుని వాయించింది. ఆయన గంభీరమైన సంగీతం తెలిసినవాడు, బార్టోక్, స్ట్రావిన్‌స్కీ అంటే ప్రాణం. 1944లో వచ్చిన ‘పుటిన్ ఆన్ ద డాగ్’లో జెర్రీ కుక్క తలబొమ్మ తగిలించుకుని నడిచే చోట, షోన్‌బర్గ్ కనిపెట్టిన పన్నెండు స్వరాల పద్ధతిని పికోలో, బసూన్ల మీద వాడాడు. పెద్ద పెద్ద కచేరీ హాళ్ళలో జనం లేచిపోయిన సంగీతాన్ని పిల్లలు పకపకా నవ్వుతూ విన్నారు. సికింద్రాబాద్‌లో మేమూ విన్నాం. షోన్‌బర్గ్ అంటే ఎవరో మాలో ఒక్కరికీ తెలియదు.

‘ద క్యాట్ కన్‌సర్టో’ చూసే ఉంటారు. టామ్ నల్లకోటు వేసుకుని పియానో ముందు కూర్చుంటాడు. లిస్ట్ రాసిన రెండో హంగేరియన్ రాప్సొడీ మొదలవుతుంది. లోపల నిద్రపోతున్న జెర్రీకి మెలకువ వస్తుంది. ఆ బొమ్మలో అల్లరి ఎంతున్నా టామ్ తలకాయ పైకెత్తి వాయిస్తున్నంతసేపూ విద్వాంసుడి హుందాతనం తప్పదు. వేళ్ళు మీటల మీద పడే చోటు చూడండి. ఆ పని తెలియనివాడు ఎక్కడో పడేలా గీసేసేవాడు, ఎవరు గమనిస్తారు? వాళ్ళు గమనించారు. అది 1946 సంవత్సరానికి ఆస్కార్ తెచ్చుకుంది. 1943 నుంచి 1952 వరకు టామ్, జెర్రీ జంటకి మొత్తం ఏడు ఆస్కార్లు వచ్చాయి. వేదిక మీద వాటిని అందుకున్నది నిర్మాత ఫ్రెడ్ క్వింబీ. గీసినవాళ్ళకీ, గీయించినవాళ్ళకీ చేతికి రాలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఈ బొమ్మల్లో ఒకామె ఉండేది. మొహం కనబడదు, గచ్చు మీద బరువుగా నడిచే కాళ్ళు, చేతిలో చీపురు, టామ్‌ని గదమాయించే గొంతు. ఆ గొంతు లిలియన్ రాండాల్ఫ్ అనే నల్లజాతి నటిది. నల్లవాళ్ళని ఎప్పుడూ వంటింటి మనుషులుగా చూపించడం మీద అమెరికాలో ఆనాడే నిరసనలు వచ్చాయి. బాంబు పేలి మొహం నల్లబడితే నవ్వే హాస్యాలూ వీటిలో ఉండేవి. వాటి మీద వచ్చిన కోపం న్యాయమైనది, ఆ కోపాన్ని నేను తక్కువ చెయ్యను. 1952 తరవాత ఆ పాత్ర మళ్ళీ రాలేదు. కానీ టీవీలో వేయడానికి జరిపిన దిద్దుబాట్లు వేరే సంగతి. 1960లలో ఒక బొమ్మలో ఆమె స్థానంలో సన్నటి తెల్లమ్మాయిని గీసిపెట్టారు. కొన్నిచోట్ల గొంతు మార్చేశారు. అంటే చేసిన తప్పూ దాగింది, పనిచేసిన నటి గొంతూ పోయింది. ఆ గొంతులో ఎంత హాస్యం, ఎంత బలం ఉన్నాయో! పక్కన నాలుగు వాక్యాల వివరణ పెట్టి, ఉన్నది ఉన్నట్టు ఉంచడమే మంచిదని నా అభిప్రాయం.

1950ల మధ్యకి వచ్చేసరికి బొమ్మ మారింది. 1954లో ‘పెట్ పీవ్’తో వెడల్పు తెర సినిమాస్కోప్ వచ్చింది. గీతలు మందమయ్యాయి, వెనక గోడలు బల్లపరుపుగా, రంగు పూసిన అట్టల్లా మారాయి. కాలం అలా ఉంది, అందరూ అలాగే గీస్తున్నారు. 1940లో టామ్ ఒంటి మీద ఉన్న బొచ్చు, కనుబొమల మడతలు అప్పటికే పోయాయి. నాకు నడిమి రోజుల టామ్ ఇష్టం, యుద్ధకాలం నుంచి 1950 దాకా ఉన్నవాడు.

1957లో ఒక ఫోన్ వచ్చింది, స్టూడియో మూసేయమని. పాత బొమ్మల్ని మళ్ళీ థియేటర్లకి పంపితే, దాదాపు కొత్తవి తీసినంత డబ్బు వస్తోందని పైవాళ్ళ లెక్కల్లో తేలింది. ఇరవై ఏళ్ళ పని ఒక లెక్కతో ముగిసింది. తయారై ఉన్న ఆఖరి బొమ్మ ‘టాట్ వాచర్స్’ 1958లో విడుదలైంది. హన్నా, బార్బెరా కలిసి చేసిన టామ్ అండ్ జెర్రీలు మొత్తం 114. తరవాత ప్రాగ్‌లో జీన్ డైచ్ 13 తీశాడు, చక్ జోన్స్ 34 తీశాడు. జోన్స్ మహానుభావుడే. ఆయన జెర్రీ కళ్ళు మరీ పెద్దవి, ముద్దుగా ఉంటాయి. నేను ఎదురుచూసే జెర్రీ వాడు కాదు.

విచిత్రమేమిటంటే, ఆ చేతిపనిని వదిలిపెట్టిన మొదటివాళ్ళు హన్నా, బార్బెరాలే. ఉద్యోగం పోయిన ఆ ఏడాదే సొంత కంపెనీ పెట్టి, డిసెంబరుకల్లా ‘రఫ్ అండ్ రెడ్డీ’ని టీవీకి ఇచ్చారు. ఐదు నిమిషాల బొమ్మకి చేతికొచ్చేది మూడువేల డాలర్లకి అటూఇటూ. ఆ డబ్బుతో పిల్లి పరిగెత్తదు. అందుకని పిల్లి నిలబడి మాట్లాడింది. నోరు, కనురెప్పలు తప్ప ఏమీ కదలదు. మెడలో కాలరో టైయో పెడితే తల ఒక్కటే మార్చి గీయవచ్చు, ఒళ్ళు మళ్ళీ గీయక్కర్లేదు. వాళ్ళని తప్పుపట్టలేను. బతకాలి, పాత స్టూడియోలో పనిచేసినవాళ్ళకి మళ్ళీ పని దొరికింది కూడా. ఫ్లింట్‌స్టోన్స్ వచ్చింది, స్కూబీ డూ వచ్చింది, మన పిల్లలూ వాటిని ప్రేమించారు. కానీ హన్నా కాగితం మీద ఫ్రేములు లెక్కపెట్టిన ఆ అర క్షణం మళ్ళీ రాలేదు. దానికి ఎవరూ డబ్బు ఇవ్వలేదు.

మిగిలినదాన్నైనా పూర్తిగా నిలుపుకోలేకపోయాం. పాత బొమ్మల్ని మళ్ళీ విడుదల చేసినప్పుడల్లా మొదటి టైటిల్స్ తీసేసి కొత్తవి అతికించారు. కొన్నిటిలో గీసినవాళ్ళ పేర్లు అలా ఎగిరిపోయాయి. 1978లో న్యూయార్క్ రాష్ట్రం రాచెస్టర్‌లోని జార్జ్ ఈస్ట్‌మన్ హౌస్‌లో నైట్రేట్ ఫిల్ములు దాచిన గదులకి నిప్పంటుకుంది. ఎం.జి.ఎం. కార్టూన్ల అసలు నెగెటివులు చాలా ఆ మంటల్లో పోయాయి. కెమెరా ముప్పైవేల సార్లు కన్ను తెరిచి మూసిన ఆ ఫిల్మే. ఇవాళ డిస్కుల్లో, ఫోనుల్లో చూస్తున్నవి అంతకు ముందే తీసి ఉంచిన నకళ్ళ నుంచి వచ్చినవి.

పాత ప్రింట్లు కూడబెట్టే అభిమానులు కొందరు అక్కడక్కడ ఉన్నారు. ఎవరి పెట్టెలోనో ఒక పాత రీలు దొరికి, మొదటిసారి విడుదలైనప్పటి టైటిల్ కార్డు బయటపడిందని అప్పుడప్పుడు వింటుంటాను. ఒక బొమ్మకి ఇద్దరు ముగ్గురు యానిమేటర్ల పేర్లు అలా తిరిగి చేరుతుంటాయి. సిరా గీతలు గీసినవాళ్ళ పేర్లు మాత్రం అలా దొరకవు, వాటిని ఎవరూ ఏ రీలు మీదా ఎక్కించలేదు.