అమానతు సొమ్ము, పాత కంప్యూటరు

హిందూపురంలోని మా మదరసా దఫ్తరులో ఒక డెస్క్‌టాప్ కంప్యూటరు ఉంది. 2014లో ఒక దాత కొనిచ్చారు. చందా రసీదులు, పిల్లల హాజరు, పరీక్షా పత్రాలు, రమజానులో సహరీ, ఇఫ్తార్ వేళల పట్టిక, అన్నీ దానిపైనే తయారవుతాయి. నిరుడు, అంటే 2025 అక్టోబరు నాటికి అది బాగా మందగించింది. స్విచ్చి నొక్కి, వెళ్లి వుజూ చేసుకుని వచ్చినా తెరమీద సున్నా గుర్తు ఇంకా తిరుగుతూనే ఉండేది.

సరిగ్గా ఆ నెల 14వ తేదీతో విండోస్ 10కు కంపెనీ సేవలు ఆగిపోయాయి. పేరు నమోదు చేసుకున్నవారికి మరో ఏడాది భద్రతా సవరణలు వస్తాయన్నారు గానీ, ఆ తరువాత అదీ లేదు. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే ఇంటెల్ ప్రాసెసరు ఎనిమిదో తరానిదైనా కావాలి. మాది నాలుగో తరం. దుకాణదారుడు చూసి, దీన్ని పాత సామాన్ల బండికి వేసేసి కొత్తది తీసుకోమని, 42,000 రూపాయలకు అంచనా రాసిచ్చాడు. కమిటీ పది నిమిషాల్లో ఒప్పుకుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా చందాపెట్టెలో ప్రతి శుక్రవారం ఇరవై రూపాయలు వేసే ఒక తల్లి ఉంది. చింతపండు గింజ తీసే కూలికి వెళ్తుంది. ఆమె వేళ్లు ఎప్పుడు చూసినా నల్లగానే ఉంటాయి. లెక్క వేసి చూశాను. 42,000 అంటే ఆ తల్లి 2,100 శుక్రవారాలు. నలభై ఏళ్లు. కంప్యూటరు కొనడం తప్పని కాదు. అవసరానికి పెట్టిన ఖర్చు దుబారా కాదని నేనే పిల్లలకు చెబుతాను. కానీ అది అవసరమో కాదో నేను విచారించనే లేదు. దుకాణదారుడు చెప్పాడు, మేము తలూపాము. సొంత డబ్బయితే అలా తలూపేవాడినా?

నెలకొకసారి జుమా ప్రసంగానికి ధర్మవరం వెళ్తుంటాను. అక్కడ పట్టుచీరలకు డిజైన్లు గీసే ఒక యువకుడు పరిచయం. ఒకప్పుడు గళ్ల కాగితం మీద గీసి, దాన్నిబట్టి జాకార్డు అట్టలకు రంధ్రాలు పొడిచేవారు. ఇప్పుడు ఆ గళ్లన్నీ కంప్యూటరు తెరమీదే. ఒక్కొక్క గడి ఒక్కొక్క పోగుకు ఆజ్ఞ. రోజుకు పది గంటలు పనిచేసే అతని యంత్రం మాదానికన్నా పాతదని తెలిసి ఆశ్చర్యపోయాను. తరువాతి నెల మా డబ్బాను రైల్లో అతని దగ్గరికి మోసుకెళ్లాను. మూత తీసి, దుమ్ము ఊది, కాసేపు చూసి, “సామీ, ఇది ముసిలిది గాలేదు, దీనికి కాళ్లు నొప్పి, అంతే” అన్నాడు.

అతను చెప్పినది నాకు అర్థమైన మాటల్లో రాస్తాను. హార్డ్ డిస్కులో పళ్లేలవంటివి గిర్రున తిరుగుతుంటాయి. వాటిపై ఒక ముల్లు అటూ ఇటూ పరుగెత్తి అక్షరాలను వెతికి తెస్తుంది. కొత్తరకం ఎస్ఎస్‌డీలో తిరిగేదేదీ లేదు. ఏ అర అడిగితే ఆ అర వెంటనే తెరుచుకుంటుంది. యంత్రం నెమ్మదిగా ఉందంటే చాలాసార్లు ఆలోచించే భాగం మొద్దుబారిందని కాదు, దానికి సరుకు అందించే చెయ్యి నెమ్మదిగా ఉందని. రెండోది మెమరీ. మాకున్నది 4 జీబీ. అది చాలనప్పుడు యంత్రం మాటిమాటికీ ఆ కుంటి డిస్కు దగ్గరికే పరుగెత్తాలి.

ఇక్కడ నా తొందరపాటు చెప్పాలి. మరుసటి వారం వేరే పనిమీద బెంగళూరు వెళ్లి, ఎస్.పి. రోడ్డులో 1,800 పెట్టి ఒక 8 జీబీ మెమరీ పలక కొన్నాను. అది డీడీఆర్4. మా బోర్డు డీడీఆర్3. రెండూ చూడటానికి అక్కచెల్లెళ్లలాగే ఉంటాయి గానీ, ఒకదానికి 240 కాళ్లు, ఇంకొకదానికి 288. మధ్యలో ఉండే గాటు కూడా ఒకే చోట ఉండదు. పెట్టినా కూర్చోదు. దుకాణానికి ఫోను చేస్తే, అమ్మిన సరుకు తిరిగి తీసుకోమన్నారు. వారిని తప్పుపట్టలేను.

ఎందుకంటే ఆ రోజుల్లోనే నేను తరగతిలో ఖుదూరీ గ్రంథం నుంచి క్రయవిక్రయాల అధ్యాయం చెబుతున్నాను. కొనేటప్పుడే “మూడు రోజుల్లో నచ్చకపోతే తిరిగి ఇస్తాను” అని షరతు పెట్టుకుంటే అది ఖియారె షర్త్. ఇమామ్ అబూ హనీఫా గారు దానికి మూడు రోజులే గడువన్నారు. ఆయన శిష్యులిద్దరూ గడువు స్పష్టంగా ఉంటే ఎక్కువైనా సరేనన్నారు. నేను ఏ షరతూ పెట్టుకోలేదు. సరుకులో లోపమూ లేదు, లోపం నాలో ఉంది. ఆ 1,800 నా జేబులోంచే పోయాయి. పాఠం చెప్పేవాడికి పాఠం రాకపోతే ఇంతే!

పాత సామాను కొనేవారికి ఆ అధ్యాయం ఎంతో పనికొస్తుందని అప్పుడే తెలిసింది. ధరను తగ్గించేదని వర్తకుల వాడుకలో ఉన్నది ఏదైనా ఐబే, అంటే లోపమే. అమ్మినవాడి దగ్గర ఉండగానే ఉన్న లోపం తరువాత బయటపడితే, సరుకు వాపసు ఇవ్వవచ్చు. కానీ మన చేతిలో దానికి ఇంకో లోపం చేరితే వాపసు హక్కు పోయి, నష్టభర్తీ అడిగే హక్కే మిగులుతుంది. కాబట్టి పాత కంప్యూటరు ఇంటికి తేగానే మనమే మరలు ఊడదీయకూడదు. కొనేముందే డిస్కు ఎన్ని గంటలు నడిచిందో చూపించమనాలి. బండికి కిలోమీటర్ల మీటరు ఉన్నట్టే, ఆ లెక్క డిస్కులోనే నమోదై ఉంటుంది. నిజాయితీగల వ్యాపారి చూపించడానికి వెనుకాడడు.

పెనుకొండలో మా అక్క ఇంట్లో జరిగినదీ చెప్పుకోవాలి. మేనకోడలి కంప్యూటరు తెరిచిన ప్రతిసారీ ఎప్పటిదో పాత తేదీ చూపిస్తోంది, ఇంటర్నెట్టులో ఏ పేజీ తెరవబోయినా భద్రత లేదంటూ నిరాకరిస్తోంది. ఒక మరమ్మతు దుకాణంలో మదర్‌బోర్డు పోయింది, 6,000 అవుతుందన్నారట. మా ధర్మవరం యువకుణ్ణి ఫోనులో అడిగితే నవ్వాడు. బోర్డు మీద గుండీ అంత సెల్లు ఒకటి ఉంటుంది, దాని సంఖ్య సీఆర్2032. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. నలభై రూపాయలు పెట్టి మార్చాము. తేదీ నిలిచింది, పేజీలన్నీ తెరుచుకున్నాయి.

చివరికి మా ఖర్చు ఇది. 256 జీబీ ఎస్ఎస్‌డీ 2,100. వాడిన డీడీఆర్3 పలక, మూడు రోజుల షరతుతో, 1,000. యూపీఎస్ కూడా పోయిందనుకున్నాము గానీ, పోయింది దాని బ్యాటరీయే, 950. యువకుడు కూలి వద్దన్నా చేతిలో పెట్టినది 300. మొత్తం 4,350. మానిటరు, కీబోర్డు, మౌసు పాతవే. ఆ తల్లి లెక్కలో ఇది కూడా నాలుగేళ్ల పైమాటే.

విండోస్ దొంగ కాపీ ఉచితంగా వేసిస్తామన్నవారున్నారు, వద్దన్నాము. దాని బదులు లైనక్స్ మింట్ వేసుకున్నాము. అది చట్టబద్ధంగానే ఉచితం, మేము వేసుకున్న దానికి 2029 వరకు సవరణలు వస్తాయి. ఇందులో కష్టం లేదని అనను. పదేళ్ల ఉర్దూ పరీక్షా పత్రాలు ఇన్‌పేజ్‌లో ఉన్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, తప్పులు దిద్దుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. “హజ్రత్, కొత్తది కొంటే ఈ బాధ ఉండేది కాదు కదా” అని సదర్ సాబ్ ఇప్పటికీ అంటుంటారు. ఆ మాటలో నిజం ఉంది. విండోస్ తప్పనిసరైన ఇళ్లకు నేనూ ఇదే సలహా ఇవ్వను. వారికి బెంగళూరు ఆఫీసులు వాడి తీసేసిన ఎనిమిదో తరం యంత్రాలు మేలు. అయితే వాటిలో చిన్న డబ్బాలకు పవర్ సప్లయి వంటి భాగాలు మామూలు కొలతల్లో ఉండవు, పాడైతే వెతుక్కోవాలి.

తీసేసిన పాత హార్డ్ డిస్కు మిగిలింది. మా వీధి కుర్రవాడొకడు 500 ఇస్తానన్నాడు. దానిలో కొన్నిచోట్ల రాత నిలవదని నాకు తెలుసు. బజారులో ధాన్యపు రాశిలోకి చెయ్యి పెట్టి, లోపలి తడిని బయటపెట్టిన ప్రవక్త ముహమ్మద్ (స) వారి సంఘటన ఎన్నిసార్లు పాఠం చెప్పానో! కుర్రవాడికి లోపం చెప్పాను. “పర్లేదు హజ్రత్, సినిమాలు పెట్టుకోడానికే” అన్నాడు. బేరం కుదిరింది.

ఇవ్వబోతూ ఆగాను. పదేళ్లుగా జకాతు ఎవరెవరికి చేరిందో, ఆ పేర్లన్నీ ఆ డిస్కులో ఉన్నాయి. ఇరుగుపొరుగుకు తెలియకుండా తీసుకున్న వితంతువులు, అప్పులపాలైన ఇంటిపెద్దలు. చెరిపేశాను కదా అనుకున్నాను గానీ, చెరిపినవాటిని మళ్లీ పైకి తీయవచ్చని ధర్మవరంలో విన్నదే. కుర్రవాడికి క్షమాపణ చెప్పి, వెల్డింగు షాపుకు తీసుకెళ్లి, డిస్కు విప్పించి, లోపలి పళ్లేలకు నాలుగు రంధ్రాలు వేయించాను. అందులోంచి వేలెడంత అయస్కాంతం వచ్చింది, చాలా బలమైనది. దఫ్తరులోని ఇనుప బీరువాకు అంటించి, తాళంచెవులు దానికే తగిలిస్తున్నాము.