ఆంతిగ్వాలో మా ఇంటి పంతులమ్మ

హ్యూస్టన్‌లో విమానం ఎక్కితే మూడు గంటల్లో గ్వాటెమాలా సిటీ. అక్కడినుంచి కారులో గంటో, ట్రాఫిక్ ఉంటే గంటన్నరో వెళ్తే ఆంతిగ్వా. మనకి ఇంజనీరింగ్ కోచింగ్ అంటే గుంటూరు, విజయవాడ ఎలాగో, స్పానిష్ నేర్చుకోవాలనుకునేవాళ్ళకి ఈ ఊరు అలాగ. ఏ వీధిలో చూసినా ఒక స్పానిష్ బడి బోర్డు కనిపిస్తుంది. ఇక్కడి పద్ధతి ఒక టీచరుకి ఒకే విద్యార్థి. బల్లకి ఇటు మనం, అటు టీచరు, తప్పించుకోవడానికి దారి ఉండదు!

మావారికి ఎక్కడినుంచైనా పని చేసుకునే వీలు దొరికిన వేసవిలో, ఇద్దరు పిల్లలతో ఆరు వారాలకి వెళ్ళాం. నాలుగు వారాలు ఆంతిగ్వాలో, రెండు వారాలు అతిత్లాన్ సరస్సు దగ్గర. మధ్యలో టీచరు మారితే పిల్లలకి ఇబ్బందని, మాతోనే ఉండి, మాతోపాటు ప్రయాణం చేసే టీచర్ని పెట్టుకున్నాం. టీచరమ్మని అక్కడ మాయెస్త్ర అంటారు. మేమూ అలాగే పిలిచాం.

వచ్చిన రోజే ఆమె ఒక నోటుపుస్తకం తీసి తన షరతులు చదివింది. పొద్దున్న ఎనిమిదినుంచి పన్నెండుదాకా పాఠాలు. పిల్లలకి చెరో గంటన్నర, నాకు గంట. మధ్యాహ్నం భోజనం దగ్గర మాతో స్పానిష్‌లోనే మాట్లాడుతుంది. అది కూడా పనే కాబట్టి మరో గంట లెక్క. ఆ తర్వాత ఆమె సమయం ఆమెది. గదికి లోపల గడియ ఉండాలి. ఆదివారం సెలవు. వంట, పిల్లల్ని చూసుకోవడం ఆమె పని కాదు. ప్రయాణం ఖర్చులు మావి, జీతం ప్రతి శుక్రవారం.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పిందో కొన్నాళ్ళకి తనే చెప్పింది. అంతకుముందు ఒక విదేశీ కుటుంబంతో మూడు నెలలు తిరిగిందట. "నువ్వు మా ఇంట్లో మనిషివి" అనేవాళ్ళట. ఇంట్లో మనిషి కాబట్టి రాత్రి పిల్లాడు ఏడిస్తే ఆమే లేవాలి, సింకులో గిన్నెలుంటే ఆమే తోమాలి. మనకీ ఈ మాట కొత్త కాదు కదండీ. పనమ్మాయినీ అలాగే అంటాం, కోడల్నీ అలాగే అంటాం. ఇంట్లో మనిషికి సెలవూ ఉండదు, జీతమూ ఉండదు. ఆమె నోటుపుస్తకం చూశాక నాకు గౌరవమే పెరిగింది.

పాఠాల దగ్గర మాత్రం మన తెలుగు బాగా పనికొచ్చింది. "మే గుస్తా ఎల్ కఫే" అంటే అచ్చంగా "నాకు కాఫీ ఇష్టం". ఇంగ్లీషులో ఆలోచించేవాళ్ళు 'నేను' దగ్గర మొదలుపెట్టి తడబడతారు. మనకి 'నాకు' పుట్టుకతో వచ్చిందే. త, ద కూడా మనవే. 'జ్ఞానం'లో తప్ప పెద్దగా కనిపించని ఞ అక్కడ చంటిపిల్లల మాటలోనే ఉంది. మీరు, నువ్వు తేడా కూడా ఉంది. మీరుకి 'ఉస్తెద్'. 'ఉండు' అనే అర్థానికి సేర్, ఎస్తార్ అని రెండు క్రియలున్నాయి, అందరూ భయపడేది వాటికే. "నేను టీచర్ని" అన్నప్పుడు తెలుగులో అసలు క్రియే ఉండదు, అది సేర్. "ఇంట్లో ఉన్నాను", "అలసిపోయి ఉన్నాను" లాంటివి ఎస్తార్. అన్నిచోట్లా కుదరకపోయినా చాలావరకు ఈ కొండగుర్తు నన్ను గట్టెక్కించింది.

ఆంతిగ్వా దాదాపు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది. వేసవి సెలవుల నెలలు అక్కడ వానాకాలం. పొద్దున్న ఎండ, మధ్యాహ్నం దాటితే వాన. ఒకప్పుడు రాజధాని. 1773 భూకంపాలకి కూలిపోతే, 1776లో రాజధానిని ఇప్పటి గ్వాటెమాలా సిటీకి మార్చారు. కూలిన చర్చిలు అలాగే మిగిలాయి. 1979లో ఊరిని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఊరి పక్కనే ఆగువా, ఆకతెనాంగో, ఫుయేగో అనే మూడు అగ్నిపర్వతాలు. ఫుయేగో అంటే నిప్పు. మేడ మీద కూర్చుని పాఠం చదువుకుంటుంటే అది ఉండుండి పొగ వదిలేది. 2018 జూన్‌లో అది పేలినప్పుడు వందలమంది చనిపోయారు. జరుగుతూ ఉన్నదానికి, జరిగిపోయినదానికి స్పానిష్‌లో వేర్వేరు భూతకాలాలు. మాయెస్త్ర వాటిని ఆ రోజుతోనే నేర్పింది. "నేను బట్టలు ఉతుకుతున్నాను. బూడిద పడింది." ఆ తేడా ఇక మర్చిపోలేదు.

బీఎస్సీలో కెమిస్ట్రీ చదివినదాన్ని కదా, వంటింట్లో నా కళ్ళు మొక్కజొన్న గింజల మీద పడ్డాయి. వాటిని సున్నం నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. మొక్కజొన్నలో బంధించి ఉన్న నియాసిన్ అనే బి విటమిన్ సున్నం వల్ల విడుదలై ఒంటికి పడుతుంది. ఈ పద్ధతి తెలియకుండా మొక్కజొన్ననే నమ్ముకున్న దేశాల్లో జనం పెల్లాగ్రా జబ్బుతో చనిపోయారు. ఇక్కడి ఆడవాళ్ళు వేల ఏళ్ళుగా ఇలాగే చేసుకుంటున్నారు.

తర్వాత సరస్సుకి వెళ్ళాం. చుట్టూ కొండలు, ఒడ్డున ఊళ్ళు, ఒక ఊరినుంచి ఇంకో ఊరికి పడవలు. పడవలో చేనేత రవిక వేసుకున్న ఒక పెద్దావిడ మాయెస్త్రని కాక్చికెల్ భాషలో ఏదో అడిగింది. ఈమె స్పానిష్‌లో జవాబిచ్చింది. మా అమ్మాయి నా చెవిలో, "అమ్మమ్మ తెలుగులో అడిగితే నేను ఇంగ్లీషులో చెప్తాను కదా, అలాగే" అంది.

ఆ దేశంలో 22 మాయా భాషలున్నాయి. మాయెస్త్ర సొంతూరు ఆంతిగ్వా దగ్గర్లోని శాన్ అంతోనియో ఆగువాస్ కాలియెంతెస్. కాక్చికెల్ వాళ్ళ ఊరు, నేతకి పేరు. ఆమె బళ్ళో అంతా స్పానిషే. కాక్చికెల్ అర్థమవుతుంది, నోటికి రాదు. ఏడేళ్ళ కూతుర్ని తన అమ్మమ్మ దగ్గర వదిలి మాతో వచ్చింది. ఆంతిగ్వాలో ఉన్నంతకాలం ఆదివారాలు వెళ్ళి చూసొచ్చేది. సరస్సు దగ్గర రెండు వారాలు అదీ లేదు, సాయంత్రం ఆరింటికి ఫోనే. ఒకరోజు ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. కూతురు కాక్చికెల్‌లో ఒక వాక్యం మొత్తం చెప్పిందట. "నేను దూరంగా ఉంటే మా అమ్మమ్మ భాష దానికి వస్తోంది" అంది. అది సంతోషమో బాధో నేను అడగలేదు.

ఎవరైనా ఇలా టీచర్ని వెంట పెట్టుకుని ప్రయాణం చేయాలనుకుంటే, పని గంటలు, సెలవు, జీతం, ఆమె పని కానిదేమిటో ముందే కాగితం మీద రాసుకోండి. మనలో ఎవరైనా అలాంటి పనికి వెళ్ళినా అంతే.

ఇప్పుడు మా ఇంట్లో రోజూ అరగంట తెలుగు పాఠం. బల్లకి అటు అమ్మాయి, ఇటు నేను. ఇంగ్లీషు లేదు. శనివారం ఫోన్లో వాళ్ళ అమ్మమ్మ "ఏం తిన్నావే?" అంటే, "పెసరట్టు తిన్నాను, అల్లం పచ్చడి కారంగా ఉంది" అంది. అటువైపు మా అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మళ్ళీ చెప్పు తల్లీ" అంది.