ఘోడా, లబ్‌లబీ, చాబీ

ఈ మధ్య దావతుల్లో, జుమా నమాజ్ తర్వాత మస్జిద్ మెట్ల దగ్గర ఒక సవాల్ తరచూ వినబడుతోంది: "భాయ్, కొంటే రివాల్వర్ కొనాలా, పిస్టల్ కొనాలా?" మా ఖాలూ కూడా అదే అడిగారు. జూపాడు బంగ్లా, నందికొట్కూరు, నంద్యాల మధ్య పత్తి వ్యాపారం ఆయనది. డబ్బు సంచితో రాత్రిపూట తిరిగే మనిషి. లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకున్నారు. "బేటా, నువ్వు అఖ్బార్‌లో పనిచేసేవాడివి, తెలుసుకుని చెప్పు" అన్నారు. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

అమెరికా వీడియోలు చూసి మనసు పడితే ఫాయిదా లేదు. మన ఖానూన్ వేరు. 1959 ఆయుధాల చట్టం కింద, హిఫాజత్ కోసం పొడుగు గొట్టం తుపాకీ అడిగేవాళ్లకూ, పంట కాపాడుకోవడానికి గొట్టంలో మందు కూరే తుపాకీ అడిగేవాళ్లకూ దారి కాస్త సులువు. రివాల్వరో పిస్టలో కావాలంటే మాత్రం తగిన కారణం ఉందని అధికారిని ఒప్పించాలి. 9 ఎంఎం, .38 లాంటివి నిషిద్ధ బోరు, ఆమ్ ఆద్మీకి దొరకవు. మిగిలేది ఎక్కువగా .32. అందులో సర్కారీ ఫ్యాక్టరీల రివాల్వర్, అశని పిస్టల్ ఎప్పటినుంచో ఉన్నాయి. 2014లో ఆడవాళ్ల కోసమంటూ అరకిలో బరువుండే 'నిర్భీక్' రివాల్వర్ కాన్పూర్ నుంచి వచ్చింది. అప్పుడే దాని ధర లక్ష దాటింది.

ఇక లోపలి పనితనం. ఉర్దూలో వేలితో లాగేదాన్ని లబ్‌లబీ అంటాం. వెనకనుంచి దెబ్బకొట్టే సుత్తి ఘోడా. డబుల్ యాక్షన్ రివాల్వర్‌లో లబ్‌లబీ లాగితే చాలు, ఘోడా వెనక్కి లేస్తుంది, గోలీల చక్రం తిరుగుతుంది, ఘోడా పడి గోలీ పేలుతుంది. ఇంత పనీ ఒక్క వేలే చేయాలి కాబట్టి ఆ లాగుడు పొడుగ్గా, బరువుగా ఉంటుంది. బొటనవేలితో ఘోడాను ముందే ఎక్కుపెట్టి పెడితే అది సింగిల్ యాక్షన్. అప్పుడు లబ్‌లబీని కాస్త తాకినా పేలిపోతుంది. పిస్టల్‌లో పైభాగాన్ని వెనక్కి లాగి వదిలితే మ్యాగజైన్‌లోంచి ఒక గోలీ గొట్టంలోకి ఎక్కుతుంది. ఆ తర్వాత ప్రతి పేలుడూ ఇంకో గోలీని తనే ఎక్కిస్తుంది.

పిస్టల్ పలచగా ఉంటుంది, కుర్తా కింద కనబడదు, గోలీలూ ఎక్కువ పడతాయి. కానీ దానికి ఆదత్ కావాలి. మ్యాగజైన్ తీసేశాక కూడా గొట్టంలో ఒక గోలీ ఉండిపోవచ్చు. "ఖాళీ అనుకున్నాను" అని తర్వాత ఏడ్చేది అక్కడే. రివాల్వర్ తెరిస్తే నిండిన గుంతలేవో, ఖాళీవేవో కళ్లముందే ఉంటాయి. గోలీ పేలకపోతే మళ్లీ లబ్‌లబీ లాగితే సరి, చక్రం తిరిగి ఇంకోటి వస్తుంది. పిస్టల్‌లో రెండో చెయ్యి కూడా వాడి ఆ గోలీని బయటికి తీయాలి. చీకట్లో, వణికే చేతులతో అది ఆసాన్ కాదు. అందుకే తరచూ రేంజ్‌కు వెళ్లి ప్రాక్టీస్ చేయనివాళ్లకు నా ఖయాల్‌లో డబుల్ యాక్షన్ రివాల్వరే మేలు, అదీ ఘోడాను ముందే ఎక్కుపెట్టకుండా. ఆ పొడుగు లాగుడు వేలికి ఒక్క క్షణం మొహ్లత్ ఇస్తుంది. ఎదురుగా ఉన్నది దొంగా, నీళ్లకు లేచిన కొడుకా అని చూసుకోవడానికి ఆ క్షణమే ఆధారం.

అయితే మన ఇళ్లలో అల్మారా చాబీ దాదీ తకియా కింద ఉంటుందని పిల్లలందరికీ తెలుసు. ఆ బరువు లబ్‌లబీ నాలుగేళ్ల పిల్లను ఆపవచ్చు, పదేళ్లవాణ్ణి ఆపదు. కాబట్టి ఆయుధం ఒకచోట, గోలీలు ఇంకోచోట, వేరే తాలా, వేరే చాబీ. ఇది విని ఖాలూ, "అన్ని తాలాలు పెడితే దొంగ వచ్చినప్పుడు తీసేదెట్లా బేటా?" అన్నారు. ఈ సవాల్‌కు ఏ కంపెనీ దగ్గరా పూరా జవాబ్ లేదు. చేతికి అందేలా పెడితే పిల్లలకు ఖతరా, పిల్లలకు అందకుండా పెడితే మనకూ అందదు.

గుస్సా సంగతి ఇంకా పెద్దది. 2020 డిసెంబర్‌లో ఆదిలాబాద్‌లో పిల్లల క్రికెట్ తగాదా పెద్దల దాకా వచ్చింది. ఒక రాజకీయ నాయకుడు తన లైసెన్స్ తుపాకీతో కాల్చాడు. గాయపడినవాళ్లలో ఒకరు చనిపోయారు. కాల్చినవాడికి 2022లో జీవితఖైదు పడింది. పోయినవాడూ మనవాడే, జైలుకు వెళ్లినవాడూ మనవాడే. ఆ రోజు ఆ తుపాకీ లోపలి పనితనంలో ఏ ఖరాబీ లేదు. చేయాల్సిన పని అది సరిగ్గానే చేసింది.

బాణాలతో మస్జిద్‌కో బజారుకో వెళ్లేవాడు వాటి మొనలు చేత్తో పట్టుకుని నడవాలని మన నబీ (సల్లల్లాహు అలైహి వసల్లం) చెప్పారు. మజాక్‌కైనా సోదరుడి వైపు ఆయుధం చూపవద్దన్నారు. ఆయుధం పట్టినవాడి మొదటి జిమ్మేదారీ తన చుట్టూ ఉన్నవాళ్ల జాన్ అని నాకు అర్థమైంది.

మా సీమలో ఎన్నికల కోడ్ వస్తే లైసెన్స్ తుపాకులు పోలీస్ స్టేషన్‌లో జమ చేయాలి. ఫ్యాక్షన్ చూసిన నేలమీద అన్నిటికంటే ఖతర్‌నాక్ అనుకునే రోజులు అవే. ఆ రోజుల్లో వాళ్లు ఎలా బతుకుతారో గమనించండి. పొద్దుండగానే ఇల్లు చేరతారు. ఒంటరిగా వెళ్లరు. నగదు మోయకుండా బ్యాంకులో వేయిస్తారు. గేటుకు తాలా వేసి, వాకిట్లో దీపం వెలిగించి ఉంచుతారు. అలికిడి అయితే పక్కింటివాళ్లకూ 112కూ ఫోన్ చేస్తారు. కోడ్ అయిపోగానే తుపాకీ తిరిగి ఇంటికొస్తుంది, ఈ ఆదత్‌లు మాత్రం పోతాయి. వీటికి లైసెన్స్ అక్కర్లేదు, ఏడాది పొడుగునా ఉంచుకోవచ్చు.