ముందు నబ్జ్, తర్వాతే నుస్ఖా

మా రాయచోటిలో ఎవరైనా వచ్చి "ఆటోమేటిక్ గేరు జారుతోంది భాయ్" అంటే, నా చెయ్యి ముందు తెల్ల రుమాలు కోసం జేబులోకి పోతుంది. రియాద్ సనాయియాలో వర్షాలో పనిచేసినప్పటి ఆదత్ అది. వర్షా అంటే వాన అనుకునేరు, అరబ్బీలో వర్క్‌షాపు. డిప్‌స్టిక్ తీసి, రుమాలుకు తుడిచి, ఆయిల్ రంగు చూసి, వాసన చూసి, ఆ తర్వాతే నోరు తెరవాలి. ఈ తమీజ్ నాకు ఊరికే రాలేదు. ఒక గరీబు మనిషి జేబులోంచి నాలుగు వందల రియాళ్లు పోతే వచ్చింది. చాలా ఏళ్లుగా దిల్ మీద బరువుగా ఉన్న సంగతి, ఇవాళ రాసేస్తున్నా.

2009, షాబాన్ నెల. రంజాన్ దగ్గరపడుతోంది, ఎండలు మండుతున్నాయి. జగిత్యాల అన్న ఒకాయన వనైత్ తెచ్చాడు. సౌదీలో పికప్‌ని వనైత్ అంటారు. 1998 మోడలు, అమెరికన్ బండి, నాలుగు గేర్ల ఆటోమేటిక్. బండి కఫీల్‌ది, రిపేరు ఖర్చు మాత్రం అన్నదే. తెల్లవారుజామునే అజీజియా మండిలో కూరగాయలు ఎత్తుకుని బఖాలాలకు వేయడం అతని రోజ్‌గార్.

"తమ్మీ, బండి ఎన్కకు పోతలేదు. ముందుకైతే కదుల్తది గానీ ఇంజను ఒర్లుతది, గేరు పడదు" అన్నాడు.

ఆ రోజు ఉస్తాద్ లేడు, ఉమ్రాకు వెళ్లాడు. పెషావర్ వైపు పఠాన్, ముప్పై ఏళ్లుగా గేరుబాక్సులే ఆయన దునియా. నేను మూడేళ్ల షాగిర్ద్‌ని. అన్నీ వచ్చేశాయనే గురూర్ తలకెక్కి ఉంది. స్కానర్ తగిలించాను. గేర్లు మార్చే సాలెనాయిడ్ల మీద అనుమానం వచ్చే కోడ్ చూపించింది. ఇంకేం, అడుగున పాన్ విప్పి, ఆయిల్ దించి, సాలెనాయిడ్లు రెండూ మార్చి, కొత్త ఫిల్టరు వేసి, కొత్త ఆయిల్ పోశాను. స్టార్ట్ చేసి రివర్సు వేస్తే బండి కదల్లేదు.

తప్పు ఒప్పుకోవాల్సిన చోట పెద్ద మాట మాట్లాడాను. "లోపల క్లచ్‌లు కాలిపోయాయన్నా. గేరుబాక్సు మొత్తం మార్చాల, మూడున్నర వేలు. దీనికి నాలుగు వందలు ఇవ్వు." అన్న కాసేపు ఏమీ అనలేదు. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. "బిడ్డ పెండ్లికి దాసిన పైసలు తమ్మీ" అని మాత్రం అన్నాడు.

మూడో రోజు ఉస్తాద్ వచ్చాడు. వనైత్ అక్కడే ఉంది. సంగతంతా చెప్పాను. ఆయన అడిగింది రెండే సవాళ్లు. "పాత ఆయిల్ ఏ రంగులో ఉంది? ఏ గేర్లు ఉన్నాయి, ఏవి పోయాయి?" రెండింటికీ నా దగ్గర జవాబు లేదు.

"బేటా, పహలే నబ్జ్, ఫిర్ నుస్ఖా" అన్నాడు. నాడి చూడకుండా మందు రాసే హకీం ఉంటాడా అని.

అదృష్టం, నేను దించిన ఆయిల్ ఇంకా మూలన తట్టలోనే ఉంది. వేలు ముంచి చూశాడు. ఎర్రగానే ఉంది, మాడు వాసన లేదు. క్లచ్‌లు కాలితే ఆయిల్ నల్లబడి ఘాటుగా కంపు కొడుతుంది. అంటే "క్లచ్‌లు కాలిపోయాయి" అన్న నా మాట అక్కడే ఝూఠ్ అయిపోయింది. తట్ట అడుగున మాత్రం ఉక్కు పెళ్లలు తళుక్కుమన్నాయి.

తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండి బయటికి తీశాడు. మొదటి గేరు బాగుంది. రెండోది పడాల్సిన చోట ఇంజను ఖాళీగా అరిచింది, స్పీడు పెరిగాక మూడో గేరు గట్టిగా పట్టుకుంది. నాలుగోది లేదు. రివర్సు లేదు. వెనక్కి వచ్చి అట్టముక్క మీద పెన్సిల్‌తో గీశాడు.

రివర్సుకు కంప్యూటర్ ఇజాజత్ అక్కర్లేదు. లివర్ లాగితే లోపలి వాల్వు నేరుగా జరిగి ఆయిల్ దారి మారుతుంది. సాలెనాయిడ్లు రెండూ చచ్చినా ఈ గేరుబాక్సులో మూడో గేరు ఉంటుంది, రివర్సు ఉంటుంది. కాబట్టి రివర్సు పోయిందన్నప్పుడే సాలెనాయిడ్లను వదిలేయాలి. ఇక డ్రమ్ము చుట్టూ బిగుసుకునే బ్యాండు తెగితే రెండు, నాలుగు పోతాయి, రివర్సు మిగులుతుంది. రివర్సు క్లచ్ ఒక్కటే పోతే రివర్సు పోతుంది, రెండు, నాలుగు మిగులుతాయి. మూడూ ఒకేసారి పోయాయంటే ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్న పుర్జా ఏది? సన్ షెల్. గిన్నె ఆకారంలో ఉండే ఉక్కు ముక్క, డ్రమ్మునూ మధ్యలోని సన్ గేరునూ కలిపేది. మొదటికీ మూడోదానికీ దానితో పనిలేదు, అందుకే అవి బతికున్నాయి.

గేరుబాక్సు దించి, విప్పి చూస్తే షెల్ మెడ దగ్గర చుట్టూ విరిగి ఉంది. బల్ల మీద పెట్టి ఉస్తాద్ నా వైపు చూశాడు, ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఎలాగూ విప్పాం గనుక సీళ్లు, క్లచ్ ప్లేట్లు కొత్తవి వేశాం. షెల్ గట్టి రకంది తెప్పించాం. ఉక్కు పెళ్లలు తిరిగాయి కాబట్టి కూలర్ పైపులు కడిగాం, టార్క్ కన్వర్టర్ మార్చాం. ఎక్కించేటప్పుడు కన్వర్టర్‌ని తిప్పుతూ తిప్పుతూ లోపలికి నెట్టాలి, పంపు గాట్లలో పూర్తిగా కూర్చునేదాకా. సగంలో ఉండగా బోల్టులు బిగిస్తే మొదటి స్టార్ట్‌కే పంపు పగులుతుంది. అలా నా చేత మూడుసార్లు తీయించి పెట్టించాడు. ఆయిల్ పోసి, వేడెక్కాక, సమంగా ఉన్న నేల మీద, ఇంజను నడుస్తుండగానే కొలత చూశాం. రివర్సు వేస్తే వనైత్ మెత్తగా వెనక్కి కదిలింది.

బిల్లు నేను చెప్పిన మూడున్నర వేలలో సగం కూడా కాలేదు. అందులోంచి ఉస్తాద్ నాలుగు వందలు కొట్టేశాడు. "నీ జీతంలోంచి" అన్నాడు.

నేను బహస్ చేశాను. "పార్టులు వేశాను కదా ఉస్తాద్, మెహనత్ చేశాను కదా."

"మర్జ్ ఒకటి, నువ్విచ్చిన దవా ఇంకొకటి. దాని పైసలు మరీజ్ ఎందుకివ్వాలి? తెలీదని చెప్పి ఉంటే నీ ఇజ్జత్ పోయేది కాదు. తెలుసని చెప్పి హరాం సొమ్ము తీసుకున్నావ్."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తూకంలో మోసం చేసే వ్యాపారుల మీద ఖురాన్‌లో ఏకంగా ఒక సూరా ఉంది, ముతఫ్ఫిఫీన్. అది తరాజు పట్టుకునే వాళ్ల గురించే అనుకునేవాణ్ణి. నా పానా కూడా తరాజేనని ఆ రాత్రి అర్థమైంది.

ఈ రోజుల్లో మా షాపుకొచ్చే కుర్రాళ్లు ఫోన్లో కోడ్ చూపించి "ఇది మారిస్తే చాలంట భాయ్" అంటారు. కోడ్ అనేది మరీజ్ మూలుగు మాత్రమే బాబూ, మర్జ్ పేరు కాదు అని చెబుతా. ముందు బండెక్కి, ఏ గేరు ఉంది, ఏది లేదు కాగితం మీద రాయమంటా.

జగిత్యాల అన్న ఆ తర్వాత కూడా మా వర్షాకే వచ్చేవాడు. వచ్చిన ప్రతిసారీ నన్ను చూసి, "ఉస్తాద్ ఉన్నడా తమ్మీ?" అని అడిగి, లేడంటే వెళ్లిపోయేవాడు. అలా రెండేళ్లు. ఒకరోజు మాత్రం ఏమీ అడగకుండా తాళం నా చేతిలో పెట్టి, చాయ్ తాగడానికి వెళ్లాడు. నేను జేబులోంచి రుమాలు తీశాను.

ఉస్తాద్ ఇప్పుడు లేరు. అల్లాహ్ ఆయనకు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.