అరకు రైలులో మా మనవరాలు

విశాఖపట్నం నుండి అరకు వెళ్లే రైలు శృంగవరపుకోట దాటాక కొండెక్కుతుంది. దారిలో చాలా సొరంగాలున్నాయి. మొదటి సొరంగంలో బండి దూరగానే కుర్రవాళ్లు కేకలు పెట్టారు. రెండేండ్ల మా మనవరాలు గుక్కపట్టి ఏడ్చింది.

"ఏడిస్తే ఇక్కడే దింపేస్తాను" అన్నాను. సంఘ పెద్దనైన నేను అనవలసిన మాట కాదది. పిల్ల మరింత హడలిపోయింది.

కోడలు దాన్ని హత్తుకొని, "చీకటిగా ఉంది కదమ్మా, భయమేస్తుంది. అమ్మ పట్టుకుంది. ఇప్పుడే వెలుతురొస్తుంది" అంది. దావీదు కూడా చీకటి లోయ లేదనలేదు సుమా! తర్వాతి ప్రతి సొరంగానికీ ముందే చెప్పింది. బొర్రా గుహల స్టేషను వచ్చేసరికి ఏడుపు మానింది గాని, పిల్ల తల్లి కొంగు వదలలేదు. ఆ పూటంతా నా దగ్గరకు రాలేదు.

తిరుగు ప్రయాణంలో సొరంగం రాగానే చిన్న చెయ్యి నా వేలు వెతుక్కుంది. "తాతా, వెలుతులొత్తుంది" అంది. ఇంకా చీకటిగానే ఉంది.